ఎన్ని ఎత్తాలో లెక్కేయండి: తుడవడం తేలికయ్యేలా వంటగది సర్దుకునే పద్ధతి

గట్టు తుడవడానికి నిజానికి ఒక నిమిషం కూడా పట్టదు. గుడ్డ గట్టును తాకే ముందు సీసాలు, డబ్బాలు, మిక్సీ, గరిటెల స్టాండు పక్కకు జరిపి, వాటి అడుగులు తుడిచి, మళ్లీ ఎక్కడివక్కడ పెట్టడానికే పదేసి నిమిషాలు పోతాయి. అంత ఓపిక రోజూ ఎవరికుంటుంది? అందుకే చాలామంది వస్తువుల చుట్టూ తుడిచి ఊరుకుంటారు. దాంతో ప్రతి డబ్బా కిందా జిడ్డు వలయం మిగులుతుంది. దానికి దుమ్ము పట్టి గట్టిపడుతుంది. నెల తర్వాత గీకితే తప్ప రాదు.

కాబట్టి వంటగది సర్దేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ‘చూడ్డానికి ఎలా ఉంది’ అన్నది కాదు, ‘ఈ చోటు తుడవాలంటే ఎన్ని వస్తువులు ఎత్తాలి’ అన్నది. గట్టు మీదివైనా, అరలోవైనా, సింకు కిందివైనా లెక్క ఒకటే. మూడు ఎత్తితే సరిపోయే చోటు రోజూ తుడుస్తారు. ముప్ఫై ఎత్తాల్సిన చోటు పండక్కి తుడుస్తారు.

ముందు టిష్యూతో ఒక సర్వే

వంటగదిలో మురికి అంతా ఒకటే రకం కాదు. పొయ్యి దగ్గర జిడ్డు, సింకు దగ్గర తడి, మిగతా చోట్ల దుమ్ము. ఏది ఎంత దూరం వ్యాపిస్తోందో కంటితో చూసి చెప్పడం కష్టం. రోజూ తుడవని చోట్లు కొన్ని ఎంచుకోండి: పొయ్యికి రెండు పక్కలా ఉన్న డబ్బాల మూతలు, పై అల్మారా తలుపుల కింది అంచు, అల్మారా నెత్తి, ఫ్రిజ్ పైభాగం, కొళాయి వెనక మూల, పొయ్యికి దూరంగా ఉన్న ఒక తెరిచిన అర. ఒక్కోచోట ఒక్కో తెల్ల టిష్యూ గట్టిగా రుద్ది వరసగా పెట్టి చూడండి.

టిష్యూ పసుపుగానో గోధుమ రంగులోనో మారి వేలికి అంటుకుంటుంటే అది జిడ్డు చేరే చోటు. బూడిద రంగు పొడి రాలిపోతుంటే దుమ్ము మాత్రమే. నల్లటి లేదా ఆకుపచ్చ మరక, దాంతోపాటు మగ్గిన వాసన వస్తే అక్కడ చెమ్మ నిలుస్తోంది. అల్మారా నెత్తి మీద జిడ్డు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. పెద్ద నూనె చుక్కలు పొయ్యి పక్కనే పడతాయి కానీ, సన్నని తుంపర వేడిగాలితో పైకి వెళ్లి చల్లారాక అక్కడే దిగుతుంది.

ఏది ఎక్కడ పెట్టాలో ఈ వరసే చెబుతుంది. జిడ్డు చేరే చోట రోజూ వాడి కడిగేవి తప్ప ఇంకేవీ బయట ఉండకూడదు. ఉండాల్సి వస్తే తలుపున్న అరలో ఉండాలి. తడి చోట కాగితం, చెక్క, అట్టపెట్టె వద్దు. ఎప్పుడో వాడేవి దుమ్ము చోటికి వెళ్లొచ్చు. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది. ఏడాదికోసారి తీసే అందమైన గాజు గిన్నెలు పొయ్యి పక్క తెరిచిన అరలోనూ, రోజూ వాడే పళ్లేలు మూల అల్మారాలోనూ ఉంటాయి.

మొత్తం వంటగదిని ఒకే రోజు బయట పెట్టుకోకండి. సాయంత్రానికి ఓపిక అయిపోయి, మిగిలినవన్నీ కనిపించిన అరలోకి తోసేస్తారు. రోజుకు ఒక అర, లేదా ఒక సొరుగు చాలు. మూత లేని డబ్బాలు, డబ్బా లేని మూతలు ముందుగా తీసేయండి. ఎత్తే లెక్క అన్నిటికంటే త్వరగా తగ్గేది అక్కడే.

గట్టు మీద

గట్టు మీద ఉండి తీరాల్సినవి రోజూ వాడేవే. వారానికోసారి తీసే యంత్రానికి అక్కడ చోటివ్వడమంటే మిగతా ఆరు రోజులు దాని చుట్టూ తుడవడమే.

తప్పనిసరిగా ఉండాల్సిన చిన్నవాటిని ఒక ట్రేలో పెట్టండి. ఉప్పు, పంచదార, టీపొడి, మసాలాలు, నూనె కలిసి తొమ్మిది వస్తువులైతే తొమ్మిదిసార్లు ఎత్తాలి. ట్రేలో ఉంటే ఒక్కసారే. ట్రే అంచు 1.5 నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే కారిన నూనె గట్టు మీదికి రాదు. అంతకంటే ఎత్తయితే డబ్బాలు తీసి పెట్టడం ఇబ్బంది. అడుగున గాళ్లు, డిజైన్లు, అల్లిక లేని నున్నటి స్టీలు లేదా మెలమైన్ ట్రే తీసుకోండి. వెదురు ట్రేలు చూపుకు బాగుంటాయి, కానీ నూనె పీల్చుకుని కొన్నాళ్లకే నల్లబడతాయి. ట్రే నిండా సరుకు ఉన్నా ఒక చేత్తో ఎత్తగలిగేలా ఉండాలి. రెండు చేతులు కావాల్సి వస్తే గుడ్డ పట్టుకునే చెయ్యి మిగలదు, అప్పుడు మళ్లీ చుట్టూ తుడవడమే మొదలవుతుంది. అలాంటప్పుడు ట్రేని రెండుగా విడదీయండి.

నూనె సీసాను ఆ ట్రేలోనే ఒక చిన్న పళ్లెంలో నిలబెట్టండి. ఎంత జాగ్రత్తగా వంచినా సీసా పక్కనుంచి ఒక చుక్క కారుతుంది. ఆ పళ్లెం అంట్లతోపాటు రోజూ కడిగేయొచ్చు.

బరువైన యంత్రాలకు రెండే పద్ధతులు: గోడకు ఆనించేయాలి, లేదా వెనక చెయ్యి పట్టేంత, అంటే 10 సెంటీమీటర్లయినా, ఖాళీ వదలాలి. మధ్యలో మూడు నాలుగు సెంటీమీటర్ల సందు వదిలితే ముక్కలన్నీ అందులో పడతాయి, గుడ్డ మాత్రం పట్టదు. మైక్రోవేవ్ ఓవెన్ లాంటివాటికి గాలి ఆడేందుకు ఎంత చోటు వదలాలో వాటితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. అక్కడ దాన్నే పాటించండి. జరపాల్సిన మిక్సీ, గ్రైండర్ లాంటివాటి కింద మందపాటి నున్నటి చాప ముక్క వేస్తే లాగడం తేలిక. అయితే వాడేటప్పుడు చాప తీసేసి, కదలకుండా వాటి రబ్బరు కాళ్లు నేరుగా గట్టు మీదే ఉండేలా చూసుకోవాలి.

పొయ్యి చుట్టూ

నూనె జిడ్డు ఎందుకు అంత మొండిగా మారుతుందో తెలిస్తే సర్దే పద్ధతి దానంతటదే మారుతుంది. పొద్దుతిరుగుడు, సోయా లాంటి నూనెలు పలచటి పొరగా పరుచుకున్నప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, అణువులు ఒకదానికొకటి అతుక్కుని, బంకలాంటి పొరగా మారతాయి. అవిసె నూనె రంగులు కాన్వాసు మీద ఆరి గట్టిపడేది కూడా ఇలాగే. అంటే ఇవాళ పడిన నూనె ఇవాళ సబ్బునీళ్లకు పోతుంది. మూడు నెలలు ఆగితే అది నూనె కాదు, వార్నిష్. వేడి ఈ మార్పును ఇంకా వేగిరం చేస్తుంది.

పొయ్యి వెనక గోడకు గరిటెలు వేలాడదీసే కడ్డీ బిగించాలన్న సరదా చాలామందికి ఉంటుంది. రోజూ వాడి రోజూ కడిగే నాలుగైదు గరిటెల వరకైతే పర్వాలేదు. పన్నెండు వేలాడదీస్తే ఎనిమిది జిడ్డు పట్టి, వాడే ముందు కడగాల్సి వస్తుంది. మిగతావి సొరుగులో పెట్టండి. మసాలా డబ్బాల స్టాండు పొయ్యి పైన ఉండకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. వేడికి, ఆవిరికి, వెలుతురుకు మసాలాల వాసన త్వరగా పోతుంది, పొడులు ముద్దకడతాయి.

తీగల రాక్‌ల విషయంలో ఒక మాట. దుకాణంలో తేలిగ్గా, గాలి ఆడేలా కనిపిస్తాయి. ఇంటికొచ్చాక ఒక్కో తీగనూ నాలుగు వైపులా తుడవాలి. జిడ్డు చోట తీగ రాక్ కంటే నున్నటి రేకు అర మేలు. తడి చోటైతే తీగలు అతికిన మూలల దగ్గర పూత పగిలి తుప్పు అక్కడే మొదలవుతుంది.

గోడకు అతికించే హుక్కులు ఊడిపోవడానికి చాలాసార్లు కారణం బరువు కాదు, కంటికి కనిపించని జిడ్డు పొర. అతికించే చోటును సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో మరోసారి తుడవండి. అది మండే ద్రవం కాబట్టి పొయ్యి పూర్తిగా ఆపి ఉండాలి. హుక్కును అర నిమిషం గట్టిగా నొక్కి పట్టుకుని, కనీసం గంట ఆగాకే ఏదైనా తగిలించండి. గరుకు టైళ్ల మీద, టైళ్ల మధ్య గీతల మీద గాలిపీడనంతో అతుక్కునే రబ్బరు గిన్నెల హుక్కులు నిలవవు.

రోజువారీ తుడుపుకు లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక టీస్పూను అంట్ల సబ్బు ద్రవం చాలు. ఎక్కువ వేస్తే సబ్బే ఒక పొరగా మిగిలి దుమ్మును పట్టుకుంటుంది. పాత జిడ్డు మీద ఆ నీళ్లు తడిపిన గుడ్డ పరిచి 10 నుంచి 15 నిమిషాలు వదిలేయండి. రుద్దే శ్రమలో సగం ఆ నానబెట్టడంతోనే తప్పుతుంది. అప్పటికీ రాకపోతే మూడు వంతుల వంటసోడాకు ఒక వంతు నీళ్లు కలిపిన ముద్ద రాసి, మెత్తటి పీచుతో రుద్దండి. మెరిసే అక్రిలిక్ తలుపుల మీద మాత్రం వద్దు, గీతలు పడతాయి. వాషింగ్ సోడా ఇంకా ఘాటైన క్షారం. అది అల్యూమినియాన్ని నల్లబరుస్తుంది, రంగు వేసిన చెక్కను పాడుచేస్తుంది, చేతి తొడుగులు లేకుండా వాడకూడదు. వెనిగర్ జిడ్డుకు పెద్దగా పనికిరాదు, నీళ్ల ఉప్పు మరకలకు పనికొస్తుంది. పాలరాతి గట్టు మీద మాత్రం చుక్క కూడా పడనివ్వకండి. ఆ రాయి ఆమ్లానికి కరిగి మెరుపు పోతుంది.

డబ్బాలు

డబ్బా కొనేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు కొలత. కిలో ప్యాకెట్టు కొని లీటరు డబ్బాలో పోస్తే ఇంకాస్త మిగులుతుంది. ఆ మిగిలిన ప్యాకెట్టుకు రబ్బరు బ్యాండు వేసి పక్కన పెడతారు. అలా ఒక సరుకుకు రెండు వస్తువులవుతాయి, పైగా ప్యాకెట్టు మూతి నుంచి గింజలు రాలి అర పాడవుతుంది. కిలో బియ్యం సుమారు 1.2 లీటర్ల చోటు తీసుకుంటుంది. పంచదార, పప్పులు కూడా దాదాపు అంతే. గోధుమ పిండి తేలిక కాబట్టి కిలోకు 1.7 నుంచి 1.9 లీటర్లు కావాలి. సన్న ఉప్పు బరువు, లీటరులోపే సరిపోతుంది. పైన పదో వంతు ఖాళీ ఉంచాలి. కాబట్టి కిలో చొప్పున కొనేవాళ్లు బియ్యానికి, పప్పులకు, పంచదారకు 1.5 లీటర్ల డబ్బాలు, పిండికి 2 లేదా 2.25 లీటర్ల డబ్బా, ఉప్పుకు లీటరు డబ్బా తీసుకుంటే ప్యాకెట్టు మొత్తం ఒకేసారి ఖాళీ అవుతుంది.

గుండ్రటిదా, చదరపుదా? చతురస్రంలో ఇమిడే వృత్తం దాని వైశాల్యంలో 78.5 శాతమే. అంటే గుండ్రటి డబ్బాలు వరసగా పేర్చిన అరలో ఐదో వంతుకు పైగా చోటు సందులకే పోతుంది. అలాగని మూలలు నిక్కచ్చిగా ఉన్న చదరపు డబ్బాలో పిండి మూలల్లో ఇరుక్కుని కడిగినా పోదు. రెంటికీ మధ్యగా, లోపలి మూలలు గుండ్రంగా తిరిగిన చదరపు డబ్బాలు సరైనవి. మూతి చెయ్యి పట్టేంత, కనీసం 9 నుంచి 10 సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే సన్నగా ఉంటే సీసాల బ్రష్షు తప్పదు, బ్రష్షు వెతకాల్సిన డబ్బాను ఎవరూ తరచుగా కడగరు.

మూత పైభాగం చదునుగా ఉండాలి. గాళ్లు, ఉబ్బెత్తు పేర్లు, మడత పెట్టే పిడి ఉంటే జిడ్డు వాటిలో దాక్కుంటుంది. గాలి చొరబడని మూతల్లో సిలికాన్ రింగు ఉంటుంది కదా, అది బయటికి వచ్చేదిగా ఉండాలి. రింగు కింది గాడిలో పిండి, చెమ్మ చేరి బూజు పడుతుంది. రెండు మూడు నెలలకోసారి టూత్‌పిక్ మొద్దు కొనతోనో చెంచా తోకతోనో పైకెత్తి తీసి, సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక గాడిలో మెలిక లేకుండా తిరిగి అమర్చాలి. మెలికపడితే మూత బిగిసినట్టే ఉంటుంది కానీ గాలి లోపలికి వెళ్తూనే ఉంటుంది.

సగం ఖాళీ అయిన డబ్బాలో కొత్త సరుకు పైన పోయడం మానేయాలి. అడుగున ఉన్నది ఎప్పటికీ బయటికి రాదు. పురుగు మొదలయ్యేది అక్కడే. పాతది ఒక గిన్నెలోకి తీసి, డబ్బా పొడి గుడ్డతో తుడిచి, కొత్తది పోసి, పాతది పైన వేయండి. డబ్బాను నీళ్లతో కడిగితే బోర్లించి నీరు కారాక, తిప్పి మూతి పైకి పెట్టి రాత్రంతా ఆరనివ్వాలి. బోర్లించే ఉంచితే లోపలి తేమ బయటికి పోదు. కాస్త చెమ్మ ఉన్నా ఉప్పు, పంచదార గడ్డకడతాయి, పిండికి బూజు వాసన పడుతుంది.

గాలి చొరబడని డబ్బా ఉంటే పురుగు రాదని చాలామంది నమ్మకం. సగమే నిజం. బయటి పురుగు లోపలికి రాదు, లోపలి పురుగు పక్క డబ్బాకు పోదు. కానీ ముక్కపురుగు గింజకు రంధ్రం చేసి లోపలే గుడ్డు పెట్టి మూసేస్తుంది. అది సరుకుతోపాటే ఇంటికి వచ్చి ఉంటుంది. అనుమానం ఉన్న గింజల్ని, పిండిని మూసిన సంచిలో ఫ్రీజర్‌లో, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర 4 రోజులు ఉంచితే గుడ్లు, పిల్లపురుగులు చస్తాయి. బయటికి తీశాక సంచి విప్పకుండా గది వేడికి రానివ్వండి. చల్లగా ఉండగానే విప్పితే గాలిలోని తేమ సరుకు మీద నీటి చుక్కలుగా చేరుతుంది.

పేర్ల చీటీ మూత మీద అతికించకండి, మూతలు మారిపోతాయి. డబ్బా ఒంటి మీద మాస్కింగ్ టేప్ అతికించి, దాని మీద పేరు, పోసిన తేదీ రాయండి. అందమైన కాగితపు లేబుళ్లు రెండు ఉతుకులకే నానిపోయి బంక మిగులుతుంది. సొరుగులో పైనుంచి చూసే డబ్బాలకు మాత్రం మూత మీద కూడా ఒకటి తప్పదు.

ఇక అన్నిటినీ డబ్బాల్లో పోయక్కర్లేదు. వారంలో అయిపోయే ప్యాకెట్లను అలాగే ఒక తొట్టిలో నిలబెట్టండి. డబ్బా అంటే కడగాల్సిన ఇంకో వస్తువని గుర్తుంటే, కొనాలన్న ఉబలాటం దానంతటదే తగ్గుతుంది.

లోతైన అరలు

గోడ అల్మారాలు మామూలుగా 30 నుంచి 35 సెంటీమీటర్ల లోతు ఉంటాయి, గట్టు కిందివి 55 నుంచి 60. లోతు పెరిగేకొద్దీ వెనక వరస మరుపున పడుతుంది. వెనక ఏముందో తెలియని అర తుడవడం అంటే తవ్వకమే.

దీనికి మందు, అరను సొరుగులా మార్చడం. అర లోతు కంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ పొడవున్న, ముందు పిడి ఉన్న ప్లాస్టిక్ తొట్టెలు పెట్టి, ఒకే రకం సరుకు ఒక తొట్టెలో ఉంచండి. ఇరవై డబ్బాల అర తుడవాలంటే నాలుగు తొట్టెలు లాగితే చాలు. ఏదైనా కారినా తొట్టె అడుగునే ఆగుతుంది. తొట్టెలకు రంధ్రాలు, అల్లికలు ఉండకూడదు. ఉంటే కారింది కిందికే వస్తుంది. భుజం కంటే ఎత్తున పెట్టే తొట్టెలు తేలిగ్గా ఉండాలి, బరువైనవి మోకాలికి, నడుముకు మధ్య ఉండాలి. గుండ్రంగా తిరిగే పళ్లేలు మూల అల్మారాలకు బాగుంటాయి, అయితే వాటి అంచు దాటి పడింది పళ్లెం కిందికి చేరుతుంది. తుడవడానికి పళ్లెం ఎత్తి తీయగలిగే రకమైతేనే తీసుకోండి.

అరల మధ్య ఎత్తు కూడా చూసుకోవాలి. మాడ్యులర్ అల్మారాల పక్క పలకల్లో చాలావరకు 32 మిల్లీమీటర్ల దూరంలో వరసగా రంధ్రాలుంటాయి, అర వాటిలో గుచ్చిన చిన్న పిన్నుల మీద నిలుస్తుంది. అంటే అరను రంధ్రం చొప్పున పైకీ కిందికీ జరపొచ్చు. ఆ అరలో ఎత్తైన వస్తువుకు పైన 4 నుంచి 5 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే చెయ్యి దూరుతుంది. అంతకుమించి ఉంటే ఖాళీ ఊరుకోదు, గిన్నె మీద గిన్నె చేరుతుంది. పిన్నులు నాలుగూ ఒకే వరసలో ఉన్నాయో లేదో వేలితో లెక్కపెట్టాకే బరువు పెట్టండి.

అర మీద పరిచే చాప అతికించేది కాకుండా ఊరికే పరిచేది కావాలి. జిగురు చాప అంచు లేచాక దాని కిందే మురికి చేరుతుంది, తీస్తే పలక పొర కూడా ఊడి వస్తుంది. చాపను అర కంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా కత్తిరిస్తే మూలల్లో ముడుచుకోదు. లోపల పాత పేపర్లు, అట్టలు పరవడం బొద్దింకలకు ఇల్లు కట్టివ్వడమే. కాగితం చెమ్మను పట్టుకుంటుంది, మడతల సందులు వాటికి కావాల్సిన సైజులో ఉంటాయి. వంటిళ్లలో కనిపించే చిన్న జాతి, జర్మన్ బొద్దింక, ఒక్క గుడ్ల సంచిలో 30 నుంచి 40 గుడ్లు మోస్తుంది. సరుకు వచ్చిన అట్టపెట్టెల్ని ఆ రోజే బయట పడేయడం అందుకే.

చెక్క పొడిని జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ పలకల్ని తడి గుడ్డతో కాదు, గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డ వేయాలి. లామినేట్ పైపొర నీటిని ఆపుతుంది కానీ అంచులు, స్క్రూ రంధ్రాలు ఆపలేవు. ఒకసారి నీళ్లు పీల్చి ఉబ్బిన పలక ఆరినా మునుపటిలా సర్దుకోదు.

సొరుగులు

సొరుగులో ముక్కలు పైనుంచి పడతాయి, కాబట్టి ముక్కలు రాలే పని చేసే గట్టు అంచు కింద చెంచాల సొరుగు ఉండకుండా చూసుకుంటే సగం పని తప్పుతుంది. లోపలి గదుల ట్రే బిగించేది కాకుండా మొత్తంగా ఎత్తి సింకులో కడగగలిగేది కావాలి. సొరుగు అడుగుకూ ట్రేకూ మధ్య సందు లేకపోతే దులపడం తేలిక.

మూడు నెలలకోసారి సొరుగునే బయటికి తీయండి. వెనక పడిపోయిన చెంచాలు, పొట్టు అక్కడే ఉంటాయి. పక్క ఛానెళ్లు, అంటే సొరుగు జారే పట్టాలు, ఉన్న సొరుగుల్లో పూర్తిగా లాగాక రెండు వైపులా చిన్న నల్ల ప్లాస్టిక్ మీటలు కనిపిస్తాయి. ఎక్కువ రకాల్లో ఒక వైపుది పైకి, రెండో వైపుది కిందికి నొక్కి ఒకేసారి లాగాలి. అడుగున ఛానెళ్లున్న రకంలో సొరుగు ముందు భాగం కింద రెండు మూలలా ఉన్న క్లిప్పులు నొక్కి పైకెత్తాలి. ముందుగా ఖాళీ చేయకుండా తీస్తే బరువుకు ఛానెల్ వంగుతుంది. ఛానెల్ పొడి బ్రష్షుతో దులిపితే చాలు. వంటనూనె వేయకండి, అది కూడా పైన చెప్పినట్టు బంకగానే మారుతుంది.

సింకు కింద

వంటగదిలో అన్నిటికంటే నిర్లక్ష్యమయ్యే చోటు ఇదే, తప్పులకు ఎక్కువ మూల్యం చెల్లించేదీ ఇక్కడే. పైపు జాయింటు నుంచి రోజుకు నాలుగు చుక్కలు కారినా నెలల తరబడి ఎవరికీ తెలియదు. తెలిసేసరికి అడుగు పలక ఉబ్బి ఉంటుంది.

ముందు పూర్తిగా ఖాళీ చేసి, సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి. నీళ్లు పోతుండగా ప్రతి జాయింటు చుట్టూ పొడి టిష్యూ తిప్పండి. తడి తగిలితే ఆ నట్టు చేత్తో పావు చుట్టు బిగించి మళ్లీ చూడండి. పానాతో బలంగా తిప్పితే ప్లాస్టిక్ దారాలు పగులుతాయి. అప్పటికీ ఆగకపోతే లోపలి వాషర్ అరిగిపోయిందన్నమాట, మార్చాలి. తర్వాత అడుగంతా పట్టే, 2 సెంటీమీటర్లయినా అంచున్న ప్లాస్టిక్ ట్రే వేయండి. లేత రంగుదైతే తడి వెంటనే కనిపిస్తుంది. పైపు గోడలోకి వెళ్లే రంధ్రం చుట్టూ సందు ఉంటే సిలికాన్ సీలెంటుతో మూసేయండి. బొద్దింకల రాకపోకలు ఎక్కువగా ఆ దారిలోనే.

ఇక్కడ సబ్బులు, శుభ్రం చేసే ద్రవాలు తప్ప ఇంకేమీ పెట్టకండి. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు అసలే వద్దు, చెమ్మకు కుళ్లుతాయి. ద్రవాలన్నీ పిడి ఉన్న ఒకే బకెట్టులోనో తొట్టెలోనో నిలబెడితే ఒకేసారి బయటికి వస్తాయి. ఒక హెచ్చరిక మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బ్లీచ్‌ను వెనిగర్‌తోగానీ, ఇతర ఆమ్లపు క్లీనర్లతోగానీ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. అమోనియా ఉన్నదానితో కలిపితే క్లోరమైన్లు వస్తాయి. రెండూ ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుకే బ్లీచ్‌ను ఆ బకెట్టులో కాకుండా విడిగా, నిటారుగా ఉంచండి. ఏ ద్రవాన్నీ తాగునీటి సీసాలోకి మార్చకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇవన్నీ ఎత్తైన చోట, తాళం పడే అరలోకి వెళ్లాల్సిందే. సింకు కింద ఉంటే సౌకర్యమన్న లెక్క అప్పుడు చెల్లదు.

నేల, అల్మారా నెత్తి

నేల మీద నేరుగా ఏ సంచీ, డబ్బా ఉండకూడదు. కాళ్లున్న రాక్ అయితే కింద కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ కావాలి, చీపురూ మాపూ దూరడానికి. అంతకంటే తక్కువైతే చక్రాలు పెట్టండి. రెండింటికి బ్రేకులున్నవైతే చాలు. బరువైన గింజల డబ్బాకు చక్రాల పలక ఒకటి చేయించుకుంటే తుడిచే రోజు కాలితో జరపొచ్చు.

అల్మారా నెత్తికి, సీలింగుకు మధ్య ఖాళీ ఉంటే అక్కడ వస్తువులు పెట్టకుండా పాత న్యూస్‌పేపరు రెండు పొరలు పరచండి. అర లోపల పేపరు వద్దని చెప్పి ఇక్కడ పరవమంటున్నాం, కారణం ఉంది: ఇక్కడ తిండి లేదు, తడి లేదు, పైగా రెండు మూడు నెలలకోసారి మడిచి పారేయబోతున్నాం. జిడ్డు, దుమ్ము పేపరుతోనే పోతాయి, నిచ్చెనెక్కి గీకే పని ఉండదు. పేపరు అంచులు కిందికి వేలాడకూడదు, చిమ్నీ గొట్టానికీ దీపాలకూ తగలకూడదు.

గుడ్డలు, పీచులు

మసిగుడ్డ చెయ్యి చాచితే అందేచోట లేకపోతే ఎంత బాగా సర్దినా రోజూ తుడవరు. గట్టుకు ఒకటి, నేలకు ఒకటి, పొడి తుడుపుకు ఒకటి, వేరు వేరు రంగుల్లో ఉంచి, పరిచి ఆరేలా కడ్డీకి వేయండి. ముద్దగా వదిలిన గుడ్డ వాసన కొట్టడానికి ఒక్క రాత్రి చాలు. మైక్రోఫైబర్ గుడ్డల్ని బట్టలు మెత్తబడే ద్రవంతో ఉతకకండి. పోగులకు పొర పట్టి నీటిని, జిడ్డును పీల్చుకోవు. అంట్ల స్పాంజిని సింకు అడుగున కాకుండా నీరు కారే స్టాండులో నిలబెట్టండి, వాసన మొదలవగానే మార్చేయండి.

ఏది ఎప్పుడు

ట్రేలు ఎత్తి గట్టు తుడవడం రోజూ, రాత్రి వంట అయ్యాక, పొయ్యి చల్లారి ఇంకా కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు. నూనె పొర అప్పుడు మెత్తగా ఉంటుంది. వారానికి ఒకసారి పొయ్యి పక్క తలుపుల కింది అంచులు, పిడులు. సింకు కింద టిష్యూ పరీక్ష నెలకోసారి.

సరుకుల అర తుడవడానికి సరైన రోజు సరుకులు తేబోయే ముందు రోజు. డబ్బాలు సగానికి పైగా ఖాళీగా ఉంటాయి, ఎత్తడానికి తేలిక, ఏది అయిపోయిందో చీటీ కూడా అప్పుడే రాసుకోవచ్చు. ఒకసారికి ఒక అరే చాలు. తుడిచాక తలుపు తెరిచి పావుగంట ఆరనిచ్చి, అరచేయి వెనకవైపు అర మీద ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా చెమ్మ ఉన్నట్టే, డబ్బాలు ఇంకాసేపు బయటే ఉండాలి.